జెరాల్డ్‌కి నూనె మార్చిన ఎనిడ్

ఎనిడ్ ప్రాబర్ట్ తన పడవ తెచ్చి నా పడవ పక్కన కట్టేసుకున్న రోజున, నాకు రెండో పక్కన ఉండే రాయ్‌స్టన్ హ్యూమ్ పట్టపగలు తన పడవలోకి దూరి లోపల గడియ పెట్టుకున్నాడు.

రాయ్‌స్టన్ పిరికివాడని ఎవరూ అనుకోరు. ఆరడుగుల మనిషి, గుమ్మడికాయ లాంటి పొట్ట, వంతెన అవతల ఉన్నవాళ్ళకి కూడా వినపడే గొంతు. కాలవ మీదే ఏళ్ళ తరబడి కాపురం. అలాంటి మనిషి కిటికీ తెర పక్కనుంచి ఒక కన్ను మాత్రం బయటపెట్టి, "నెల్ బాతూ, ఆవిడ వెళ్ళిపోయిందా?" అని గుసగుసగా అడిగాడు.

మా స్టాఫర్డ్‌షైర్ వైపు చిన్నా పెద్దా, ఆడా మగా తేడా లేకుండా అందరూ అందర్నీ బాతూ అనే పిలుచుకుంటారు. ప్రేమే తప్ప అందులో వెటకారం లేదు.

"వెళ్ళిపోవడమేంటి? ఇప్పుడే కదా తాడు కట్టింది. ఎవరావిడ, నీకు అప్పిచ్చిందా?" అన్నాను.

"అప్పిస్తే బాగుండేది. డ్రైవింగ్ పరీక్ష పెట్టింది. నాలుగుసార్లు."

"నాలుగుసార్లూ ఫెయిలేనా?"

"చివరిసారి పరీక్షా కేంద్రం గేటు కూడా దాటలేదు. గేటుని గుద్దేశా."

"గేటు కనపడలేదా?"

"కనపడింది. పక్కన ఆవిడ కూర్చునుంటే గేటు వైపు చూడ్డానికి ధైర్యం చాల్లేదు." తెర మూసుకుంది. మళ్ళీ కొంచెం తెరుచుకుంది. "కారు నడపడానికి ఆవిడ ఒప్పుకోలేదనే కదా నేను పడవ కొనుక్కుంది! దీనికి పరీక్షా లేదు, లైసెన్సూ అక్కర్లేదు. ఇక్కడికి కూడా వచ్చేసింది."

గట్టుకి గుద్దుకున్నా దెబ్బ తగలకుండా పడవల ముక్కుకి కట్టే తాడు దిండ్లు అల్లడం నా పని. పొద్దున్నించీ సాయంత్రం దాకా కాలవ గట్టు మీద కుర్చీ వేసుకుని కూర్చుంటాను. అందుకని మా చెడిల్టన్ రేవులో ఏ గొడవ జరిగినా నా కళ్ళ ముందు నుంచే పోవాలి. ఎనిడ్ సంగతి నాకు మొదటినించీ చివరిదాకా తెలియడానికి కారణం అదే.

ఎనిడ్‌ది పక్కనే ఉన్న లీక్ పట్టణం. సన్నగా, నిటారుగా, ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంటుంది. ఉద్యోగంలో చేరిన రోజు నుంచి రిటైరయ్యేదాకా కార్లలో పక్క సీట్లో కూర్చుని, వణుకుతున్న మనుషులకి పరీక్ష పెట్టింది. ఎవరి మీదా గొంతు పెంచింది లేదు, ఎవరికీ అన్యాయం చేసింది లేదు. అయినా ఊళ్ళో ఆవిడ ఎదురొస్తే సగం మంది రోడ్డు దాటి అటుపక్కకి వెళ్ళిపోయేవారు. మాంసం కొట్టువాడి కూతురికి పరీక్ష దగ్గరపడితే, ఆవిడకి బేకన్ కోసేటప్పుడు వాడి కత్తి దారి తప్పి ముక్కలన్నీ అడ్డదిడ్డంగా తెగేవట. అందరూ బాతులైన ఊళ్ళో ఎవరూ బాతూ అని పిలవని మనిషి ఆవిడ ఒక్కతే.

పడవ ఎందుకు కొన్నావని నేను ఒకసారి అడిగితే చెప్పింది. ఒకమ్మాయి పరీక్షలో దారి తప్పి కారుని తీసుకెళ్ళి కాలవ ఒడ్డున ఆపేసిందట. ముందుకి నీళ్ళు, వెనక్కి తిప్పడం ఆ పిల్లకి రాదు, స్టీరింగ్ మీద తల వాల్చి ఏడుస్తోంది. ఎదురుగా ఒక పడవ పోతోంది. నడిపేవాడు చుక్కాని కర్రని తొంటితో తోస్తూ, ఒక చేత్తో టీ కప్పు, ఇంకో చేత్తో బిస్కెట్టు పట్టుకున్నాడు. "అద్దం చూడట్లేదు. సిగ్నల్ లేదు. రెండు చేతులూ ఖాళీగా లేవు. అయినా మొహంలో భయమన్నది లేదు, నెల్. అలాంటి డ్రైవర్ని నేను అంతకుముందెప్పుడూ చూళ్ళేదు," అంది.

ఆవిడ కొన్న పడవ పేరు 'స్లో జెరాల్డ్'. పాత యజమానురాలు మొగుడి నిదానానికి విసిగిపోయి అతని పేరే పడవకి పెట్టిందట. పడవ పేరు మారిస్తే అరిష్టమని కాలవ మీద అందరూ నమ్ముతారు. ఎనిడ్‌కి అలాంటి నమ్మకాలు లేకపోయినా కొత్తచోట నియమాలు పాటించడం ఆవిడ అలవాటు. కాబట్టి జెరాల్డ్ జెరాల్డ్‌గానే ఉండిపోయాడు.

వచ్చిన వారంలోనే ఇంజన్‌కి సర్వీసింగ్ దగ్గరపడింది. మెకానిక్‌ని పిలవమన్నాను. ఎనిడ్ నా వైపు చూసిన చూపుకి నా చేతిలో తాడు ముడి దానంతటదే ఊడింది.

"పరీక్షకొచ్చిన ప్రతి మనిషినీ బానెట్ ఎత్తి నూనె ఎక్కడ పోస్తారో చూపించమని అడిగాను. చూపించలేనివాళ్ళకి మార్కు తగ్గించాను. ఇప్పుడు నా ఇంజన్ ఎక్కడుందో ఇంకొకర్ని పిలిచి చూపించమనమంటావా?"

మర్నాడు పొద్దున్నే పడవ వెనకభాగంలో నేల పలకలు ఎత్తేసింది. కింద గుంటలో జెరాల్డ్ ఇంజన్, ఆకుపచ్చ రంగు పెచ్చులూడిపోయి, పడుకున్న గేదెలా ఉంది. ఎనిడ్ వేసుకున్న పనిబట్టలు తెల్లనివి. పాలలాంటి తెలుపు. అది చూసినప్పుడే నాకు అనుమానం వచ్చింది.

కాలవ గట్టు మీద ఎవరైనా ఇంజన్ మూత ఎత్తితే చాలు, దారిన పోయే మగవాళ్ళందరికీ ఆ సంగతి ఎలాగో తెలిసిపోతుంది. కుక్కని తిప్పే పెద్దమనిషి ఆగాడు. "ముందు నూనె వేడెక్కాలి బా... మేడమ్." సైకిలు మీద పోయేవాడు దిగాడు. "వేడెక్కకూడదు. చల్లగా ఉండగానే తియ్యాలి." రిటైరైన బస్సు డ్రైవరొకాయన, "నూనె జోలికే పోకండి. నేను పదకొండేళ్ళు మార్చలేదు," అన్నాడు. "ఆ ఇంజన్ ఇప్పుడెలా ఉంది?" అని ఎనిడ్ అడిగింది. "దాన్ని అమ్మేశాం, చెత్త ఇనుము కింద," అని ఆయన నిజాయితీగా ఒప్పుకున్నాడు.

ఎనిడ్ ముగ్గురికీ థాంక్స్ చెప్పి, పుస్తకంలో ఉన్నట్టే కాసేపు ఇంజన్ నడిపి, నూనె వేడెక్కాక ఆపేసి, ఇత్తడి చేతిపంపుతో పాత నూనెని డబ్బాలోకి లాగింది. నల్లటి నూనె, తారులా వచ్చింది. తర్వాత పాత ఫిల్టర్ విప్పాలి. అది ఎన్నేళ్ళ కిందట బిగించిందో, కదల్లేదు. బెల్టు పానా వేసి ఒక కాలు ఇంజన్ మీద, ఒక కాలు గోడ మీద పెట్టి లాగితే, ఫిల్టర్ ఒక్కసారిగా ఊడొచ్చి ఆవిడ వెల్లకిలా పడింది. లేచి, మోచెయ్యి రుద్దుకుని, కొత్త ఫిల్టర్ రబ్బరుకి వేలితో నూనె రాసి, ముచ్చటగా బిగించింది. కొత్త నూనె పోసింది. కడ్డీ ముంచి మట్టం చూసింది. తాళం తిప్పింది.

పాత ఫిల్టర్‌కి ఉండాల్సిన రబ్బరు రింగు దాంతోపాటు ఊడి రాలేదు. ఇంజన్‌కే అతుక్కుని ఉండిపోయింది. దాని మీద కొత్త రింగు. రెండు రింగులు ఒకదాని మీద ఒకటి పడితే బిగువు నిలవదు. ఇంజన్ ఇలా మొదలైందో లేదో, ఆ సందులోంచి కొత్త నూనె చిమ్ముకుంటూ లేచింది. ఎనిడ్ గబుక్కున తాళం తిప్పేసింది గానీ అప్పటికే పోసిందంతా బయటికొచ్చేసింది. గుంటంతా నూనె. తెల్ల బట్టలతో సహా ఆవిడ నుదురు నుంచి మోకాళ్ళ దాకా తడిసిపోయింది. కళ్ళద్దాల మీద నుంచి చుక్కలు కారుతున్నాయి.

అవతలి పడవలోంచి నవ్వు వినిపించింది. మొదట పళ్ళు బిగబట్టి, తర్వాత పట్టలేక.

ఎనిడ్ కళ్ళద్దాలు తీసి, తుడుచుకోవడానికి బట్టల మీద పొడి జాగా దొరక్క మళ్ళీ పెట్టేసుకుంది. "ఆ పడవలో ఎవరో ఉన్నారు. బయటికి రండి," అంది.

రాయ్‌స్టన్ బయటికొచ్చాడు, బడికి ఆలస్యంగా వచ్చిన పిల్లాడిలా చేతులు వెనక్కి పెట్టుకుని. ఎనిడ్ అతన్ని కిందనించి పైదాకా చూసింది.

"రాయ్‌స్టన్ హ్యూమ్," అంది. తర్వాత, "గేటు."

"అవునండి."

"బాగయిందా?"

"గేటాండీ? కొత్తది పెట్టారండి."

"మీరు బాగున్నారా అని."

రాయ్‌స్టన్ ఆ ప్రశ్నకి సిద్ధంగా లేడు. "బాగానే ఉన్నానండి," అన్నాడు. ఆవిడ నూనె గుంటలో నిలబడి ఉండటం చూశాక అతనికి కొంచెం కొంచెంగా ధైర్యం వచ్చినట్టుంది. "నూనె పీల్చడానికి పిల్లల డైపర్లే మంచివండి. గుడ్డలు పనికిరావు," అన్నాడు.

ఆ రేవులో ఎనిడ్‌కి దొరికిన మొదటి పనికొచ్చే సలహా అదే. కాలవ వాళ్ళం అందరం అదే చేస్తాం. నూనె కాలవలోకి పోకుండా ఎనిడ్ నీళ్ళు తోడే పంపు స్విచ్ ఆపేసి, బట్టలు మార్చుకుని, నన్ను తోడు తీసుకుని లీక్ బజారుకి వెళ్ళింది. కొట్లో ఉన్న డైపర్ల కట్టల్లో అన్నిటికంటే పెద్దది తెచ్చి బల్ల మీద పెట్టింది.

బిల్లు కొట్టే అమ్మాయి ఆవిణ్ణి చూడగానే నిటారుగా కూర్చుంది. అలవాటు కొద్దీ పక్కనున్న అద్దం కూడా చూసుకుంది. పాపం, రెండోసారికి పాసయిన పిల్ల.

"మనవరాలికాండీ?" అని మర్యాదకి అడిగింది.

"కాదు, జెరాల్డ్‌కి. పొద్దున్నించీ కారుస్తూనే ఉన్నాడు."

"అయ్యో. ఎన్ని నెలలండీ?"

"ముప్పై రెండేళ్ళు," అంది ఎనిడ్. "ఇది చిన్న సైజైనా ఫరవాలేదు. కింద పరుస్తాను."

నేను సర్దిచెప్పాలని నోరు తెరిచాను గానీ నవ్వుతో మాట రాలేదు. మేం రేవుకి చేరేలోపలే ఆ కబురు లీక్ అంతా తిరిగి, కొండలు దాటి వేల్స్ సముద్రపు ఒడ్డున ఉండే ఎనిడ్ చెల్లెలు నెస్టా చెవిన పడింది. వారం తిరక్కుండానే నెస్టా ఒక చేత్తో సూట్‌కేసు, ఒక చేత్తో ఫ్లాస్కు పట్టుకుని గట్టు మీద ప్రత్యక్షమైంది. ఎర్రటి మొహం, మంచి మనసు, ఊపిరి తీసుకోకుండా మాట్లాడే మనిషి.

"నేనేం అనను అక్కా. ఈ వయసులో నీకు తోడు దొరికిందంటే సంతోషమే. వయసు తేడా ఉంటే ఉంది. ఒంట్లో బాగాలేకపోతే డాక్టరుకి చూపించాలి గానీ, ఇలా పడవలో దాచిపెడితే ఎలా? ఏడీ, జెరాల్డ్ ఎక్కడ?"

"కింద," అంది ఎనిడ్, పానా తుడుచుకుంటూ. "ఆ పలక ఎత్తు, కనపడతాడు."

నెస్టా పలక వైపు చూసింది. అక్క చేతిలో పానా వైపు చూసింది. నా వైపు చూసింది. "నేలకిందా?" అంది సన్నటి గొంతుతో.

"మరెక్కడ పెట్టుకుంటారు?"

నెస్టాని కుర్చీలో కూర్చోబెట్టి, ఆవిడ ఫ్లాస్కులో టీయే ఆవిడకి పోసి, పడవ పక్కన రాసున్న పేరు చూపించి అసలు సంగతి చెప్పడానికి నాకు మధ్యాహ్నమంతా పట్టింది. జెరాల్డ్ ఇంజనని తెలిశాక ఆవిడ ఊరటకంటే ఎక్కువ నిరాశ పడిందని నా అనుమానం. అతని కోసం ఉన్ని మేజోళ్ళు కూడా అల్లుకొచ్చింది. వాటిని రాయ్‌స్టన్‌కి ఇచ్చి వెళ్ళిపోయింది.

నూనె వ్యవహారం ఎనిడ్ సరిచేసుకుంది. పాత రింగు గీకి తీసి, ఫిల్టర్ మళ్ళీ బిగించి, మళ్ళీ నూనె పోసింది. ఒక్క చుక్క కారలేదు. అది చూసి రాయ్‌స్టన్ తన పడవ అంచున కూర్చుని గొంతు సవరించుకున్నాడు.

"మొన్నటిది మేజర్ తప్పండి. ఇవాళ్టిది ఒప్పు. కానీ కలిపి చూస్తే ఫెయిలే."

ఎనిడ్ గుంటలోంచి తలెత్తి పానా పక్కన పెట్టింది.

"పరీక్షాధికారిగా మీకున్న అర్హత ఏమిటి?"

"నాలుగు పరీక్షలు దగ్గర్నించి చూశానండి."

"సరే. మళ్ళీ ఎప్పుడు రమ్మంటారు?"

అలా మొదలైంది. రాయ్‌స్టన్ రోజూ ఓట్‌కేకుల్లో, అంటే మా వైపు పోసుకునే ఓట్స్ అట్లలో, చీజూ బేకనూ చుట్టుకుని తెచ్చుకుని, ఆ మడత కొరుక్కుంటూ పరీక్ష పెట్టేవాడు. ఫ్యాన్ బెల్టు వదులు వేలితో నొక్కి చూడకుండా ఊరికే కంటితో చూస్తే మైనర్. పానా చేతికి అందే చోట పెట్టుకోకుండా గుంటలో దిగితే మైనర్. పానా నీళ్ళలో పడేస్తే మేజర్. ఎనిడ్ రెండు పడేసింది. ఎనిడ్ ఏ తీర్పుకీ ఎదురు చెప్పలేదు. నిజానికి ఇలా తప్పులు లెక్కపెట్టించుకోవడంలో ఆవిడకి ఏదో హుషారు కూడా వచ్చింది. ముక్కు మీద గ్రీజు మరకతో, "ఇది మేజరా, మైనరా?" అని అడిగేటప్పుడు ఆవిడ మొహం చూస్తే లీక్ జనం పోల్చుకునేవారు కాదు.

డీజిల్ ఫిల్టర్ మార్చిన రోజున మాత్రం ఇద్దరూ చిక్కుల్లో పడ్డారు. ఫిల్టర్ బిగించి ఎనిడ్ సెల్ఫ్ కొట్టింది. ఇంజన్ గురగురమంది గానీ అందుకోలేదు. మళ్ళీ కొట్టింది. మళ్ళీ.

"ఇంకోసారి కొట్టండి," అన్నాడు రాయ్‌స్టన్, అధికారికంగా.

కొట్టింది. బ్యాటరీ నీరసపడి, ముసలాయన మెట్లెక్కుతూ మూలిగినట్టు మూలిగి, ఆగిపోయింది.

"ఇప్పుడేం చెయ్యాలి?" అంది ఎనిడ్.

"పరీక్షలో అధికారిని అడక్కూడదండి."

"మీకు తెలీదు కదూ?"

"అడక్కూడదండి," అన్నాడు రాయ్‌స్టన్, ఓట్‌కేకు వైపు చూస్తూ.

ఎనిడ్ బ్యాటరీని ఛార్జింగ్‌కి పెట్టి, పుస్తకం తీసుకుని గుంట అంచు మీద కూర్చుంది. ఫిల్టర్ మార్చినప్పుడు గొట్టంలోకి గాలి దూరింది. గాలి ఉంటే డీజిల్ ముందుకి పోదు. ఫిల్టర్ నెత్తిన ఉండే చిన్న మర వదులు చేసి, పంపు పక్కనుండే బుల్లి మీటని బొటనవేలితో కొడుతూ ఉండాలి. కొట్టింది. మర చుట్టూ నురగ బుసబుసమంటూ వచ్చింది. కొడుతూనే ఉంది. బొటనవేలు వాచింది, వేలు మార్చింది. కుక్కాయన వచ్చి, "దాన్నొక్క తన్ను తన్నండి," అని సలహా చెప్పి వెళ్ళాడు. చివరికి నురగ ఆగి, డీజిల్ గాజులా కారింది. మర బిగించి తాళం తిప్పితే, జెరాల్డ్ ఒక దగ్గు దగ్గి, రెండోది దగ్గి, ఢుక్ ఢుక్ ఢుక్‌మని అందుకున్నాడు.

ఎనిడ్ రెండు చేతులూ పైకెత్తి అరిచింది. మాట కాదు, ఒట్టి కేక. కాలవలో బాతులన్నీ అవతలికి ఎగిరిపోయాయి. అరిచాక తనే ఉలిక్కిపడి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. బొటనవేలి నలుపంతా మూతికి అంటుకుంది.

"పరవాలేదు," అన్నాడు రాయ్‌స్టన్. "కానీ బ్యాటరీ చంపారు కాబట్టి..."

"తెలుసు. ఫెయిల్. రేపు వస్తాను."

ఇక మిగిలింది నడిపి చూపించడం. మే నెలలో ఒక ఆదివారం పొద్దున కాన్సల్ అనే ఊరి వైపు బయల్దేరాం. చుక్కాని దగ్గర ఎనిడ్, పరీక్షాధికారి హోదాలో రాయ్‌స్టన్, లాకులు తెరవడానికి నేను. ఎండ బాగుంది. ఎనిడ్ వంతెనల కింద దారం గుచ్చినట్టు పోనిస్తోంది. రాయ్‌స్టన్ తప్పులు దొరక్క ఇబ్బందిగా కదులుతున్నాడు.

చెట్ల మలుపు దాటాక పడవ వేగం తగ్గింది. వెనకాల నీళ్ళు చిలికినట్టయి, ఇంజన్ గొంతు బొంగురుపోయింది. ప్రొపెల్లరుకి ఏదో చుట్టుకుంది.

ఎనిడ్ పడవని గట్టుకి చేర్చి, ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకుంది. "ఒప్పు," అన్నాడు రాయ్‌స్టన్. తాళం ఉండగా ప్రొపెల్లరు దగ్గర చెయ్యి పెడితే చెయ్యి మిగలదు. వెనక గుంటలో, ప్రొపెల్లరుకి సరిగ్గా పైన, ఇనప పెట్టెలాంటిది ఉంటుంది. దాని మూత తీస్తే కిందంతా కాలవే. పైన అడ్డకమ్మీ వేసి మర బిగిస్తేనే ఆ మూత నీటిని ఆపుతుంది. ఎనిడ్ మూత తీసి, చొక్కా చెయ్యి మడిచి, భుజం దాకా చన్నీళ్ళలో ముంచి, రొట్టె కోసే కత్తితో కొయ్యడం మొదలుపెట్టింది. వచ్చింది బట్టలారేసుకునే తాడు. క్లిప్పులతో సహా. క్లిప్పులకి ఒక దిండు గలీబు, అర డజను మేజోళ్ళు, నాలుగు తరాలు కలిసి తొడుక్కోగలిగినంత పెద్ద లాగు.

ఆ లాగు చూస్తే రాయ్‌స్టన్‌కి ఎందుకో గేటు గుర్తొచ్చింది. "ఆ గేటుకి ఆకుపచ్చ రంగు ఎవరు వెయ్యమన్నారండీ? వెనకాల చెట్లు కూడా ఆకుపచ్చవే కదా!"

"గేటు తెల్లది," అంది ఎనిడ్, మూత పైన పెడుతూ.

"ఆకుపచ్చది!"

"తెల్లది, రాయ్‌స్టన్. మీ బంపరుకి అంటిన రంగు నేను కళ్ళారా చూశాను." కమ్మీ అడ్డం వేసింది. మర మీద చెయ్యి పెట్టింది. "మీరు బ్రేకు అనుకుని..."

"అది బ్రేకే!"

"అది బ్రేకైతే గేటు ఇప్పటికీ ఉండేది," అని, మర తిప్పకుండానే లేచి, పలకలు మూసి, ఇంజన్ స్టార్ట్ చేసి ముందుకి పోనిచ్చింది.

కాసేపటికి కాళ్ళ కింద కుండలో ఎసరు మరుగుతున్న చప్పుడు వినిపించింది. నీళ్ళు తోడే పంపు దానంతటదే పనిచెయ్యడం మొదలుపెట్టి పక్కనుంచి ధార పోస్తోంది. నేను వెనక్కి చూసేసరికి పడవ తోక బాగా కిందికి దిగి ఉంది. ప్రొపెల్లరు తోసిన నీళ్ళు ఆ బిగించని మూతని ఎత్తేసి లోపలికి దూకుతున్నాయి.

"మునుగుతున్నాం!" అని అరిచి రాయ్‌స్టన్ గట్టు మీదకి దూకాడు. గట్టు ఇంకా ఒక మనిషి దూరంలో ఉంది. కాలవలో పడ్డాడు.

ఎనిడ్ అరచేత్తో పడవ కప్పు మీద ఠపీమని కొట్టింది. పరీక్షల్లో "వెంటనే ఆపండి" అని చెప్పడానికి కారు ముందు బల్ల మీద అలాగే కొట్టేదట. ఈసారి చెప్పడానికి ఎదుట ఎవరూ లేరు. ఆ చేత్తోనే ఇంజన్‌ని న్యూట్రల్‌లోకి లాగి, తాళం తిప్పేసింది. ప్రొపెల్లరు ఆగగానే తోపు ఆగిపోయి, పెట్టెలో నీళ్ళు కాలవ మట్టానికి దిగిపోయాయి. పలక లాగి పడేసి, గుంటలోకి దిగి, మోకాళ్ళ లోతు నీళ్ళలో వంగి మర బిగించింది. పళ్ళు కరిచి, ఇక తిరగనంతదాకా బిగించింది.

వెనక నుంచి కేకలు. "నాకు ఈత రాదు! నెల్! నాకు ఈత రాదు!" రాయ్‌స్టన్ వెల్లకిలా పడి చేతులూ కాళ్ళూ కొట్టుకుంటున్నాడు. నెస్టా ఇచ్చిన ఉన్ని మేజోళ్ళు రెండూ నీటిపైన కనిపిస్తున్నాయి.

ఎనిడ్ గుంటలోంచి తల మాత్రం బయటపెట్టింది. "రాయ్‌స్టన్, లేచి నిలబడండి."

"మునిగిపోతున్నా!"

"మీరు సిద్ధంగా ఉన్నప్పుడు, నిదానంగా లేచి నిలబడండి."

నిలబడ్డాడు. నీళ్ళు బొడ్డు దాకా వచ్చాయి. ఒక హంస అతని చుట్టూ ఒక రౌండు తిరిగి, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.

పంపు నీళ్ళు తోడేదాకా ముగ్గురం గట్టు మీద కూర్చున్నాం. మిగిలిన డైపర్లన్నీ గుంట తుడవడానికే సరిపోయాయి. ఎనిడ్ కడ్డీ తీసి నూనె చూసింది. నీళ్ళు కలిస్తే నూనె పాలలా తెల్లబడుతుంది. ఇది తేనెరంగులోనే ఉంది. బెల్టు తుడిచింది. తీగల కొసలు తుడిచింది. తాళం తిప్పే ముందు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. జెరాల్డ్ మొదటి దెబ్బకే అందుకున్నాడు.

"పాస్!" అన్నాడు రాయ్‌స్టన్, పళ్ళు టకటకలాడిస్తూ.

"ఎలా పాస్? మూత బిగించలేదు. అంతకు మించిన మేజర్ తప్పు ఉండదు. ఫెయిల్."

"పరీక్షాధికారిని నేను!"

"అధికారి పరీక్ష మధ్యలో కాలవలోకి దూకడు. మీకీ ఉద్యోగం చేతకాదు."

కాన్సల్ దగ్గరున్న పబ్బు దాకా అదే రభస. ఎనిడ్ పాసని అతను, కాదు ఫెయిలని ఆవిడ. పబ్బులో పొయ్యి పక్కన రాయ్‌స్టన్ ఆవిరులు కక్కుతూ కూర్చున్నాడు. ఎనిడ్ ముగ్గురికీ టీ తెచ్చి, తన కప్పు తిప్పుతూ కూర్చుంది.

"పరీక్ష అవగానే పాసైనవాళ్ళు పరిగెత్తేవాళ్ళు, ఇంట్లో చెప్పుకోడానికి. ఫెయిలైనవాళ్ళూ పరిగెత్తేవాళ్ళు. కార్లో నేనొక్కదాన్నే మిగిలేదాన్ని. పరీక్షయ్యాక నాతో కూర్చుని ఎవరూ టీ తాగింది లేదు," అంది.

రాయ్‌స్టన్ తడి మేజోడు పిండుకుంటూ, తలెత్తకుండానే, "ఫెయిలయ్యాక కూడా తాగొచ్చు బాతూ. ఎవరొద్దన్నారు?" అన్నాడు.

ఎనిడ్ కప్పు కింద పెట్టింది. చుట్టూ చూసింది, ఆ మాట ఇంకెవర్నైనా అన్నాడేమోనని. ఎవరూ లేరు. "ఇంకో కప్పు తాగుతావా?" అంది. మీరు పోయి నువ్వు వచ్చిన సంగతి ముగ్గురిలో నేను తప్ప ఎవరూ గమనించలేదు.

మరుసటి వారం ఎనిడ్ మొత్తం సర్వీసింగ్ మొదటినించీ మళ్ళీ చేసింది. తేనెలాంటి కొత్త నూనెని తీసి పారబోసి, మళ్ళీ కొత్తది పోసింది. అది చూళ్ళేక రాయ్‌స్టన్ లోపలికి వెళ్ళిపోయాడు. ఒక్క చుక్క కారలేదు, ఒక్క పానా పడలేదు. మూతని బిగించి, దాని మీద నిలబడి కూడా చూసింది. అప్పుడు తనే, "ఇప్పుడు పాస్," అంది. ఎవర్నీ అడగలేదు.

జూన్‌లో మాకిల్స్‌ఫీల్డ్ కాలవ వైపు ఒక్కతే వెళ్ళాలని బయల్దేరింది. ఆ ముందురోజు రాయ్‌స్టన్ వచ్చి, చెవి వెనక గోక్కుంటూ, "ఎనిడ్ బాతూ, వెళ్ళేలోపల నా ఇంజన్ కూడా ఒకసారి చూసిపెడతావా?" అన్నాడు.

"ఎప్పుడు సర్వీసింగ్ చేయించావు?"

"అంటే... కరెంటు గట్టు మీంచే వస్తుంది కదా. పడవని కదిపి చాలా కాలమైంది. నిజం చెప్పాలంటే ఆ పలకలు నేనెప్పుడూ ఎత్తలేదు."

ఎనిడ్ పనిబట్టలు తొడుక్కుని వెళ్ళి, అతని పడవలో పలక పట్టుకుని బెత్తెడు పైకెత్తింది. అలాగే ఆగిపోయింది. తర్వాత వేలితో మమ్మల్ని దగ్గరికి పిలిచింది, నోటి మీద వేలు పెట్టి. లోపల గాలి ఫిల్టర్ పక్కన, నాచుతో, ఆకులతో, రాయ్‌స్టన్ చొక్కాదేదో దారపుపోగుతో కట్టిన పిట్టగూడు. గోధుమరంగు పిట్ట ఒకటి, బొటనవేలంత లేదు, మా ముగ్గుర్నీ కోపంగా చూస్తోంది. దాని కింద పసుపుపచ్చ నోళ్ళు ఎన్నో తెరుచుకుని ఉన్నాయి. గాలి పోయే చిల్లులోంచి అది రాకపోకలు సాగిస్తున్నట్టుంది.

ఎనిడ్ పలకని చప్పుడు కాకుండా దింపింది.

"ఇవి ఎగిరిపోయేదాకా ఇంజన్ ముట్టుకోడానికి వీల్లేదు," అంది. "నేనొచ్చాక చూద్దాం. ఈలోగా నెల్ పిల్లి ఈ చుట్టుపక్కలకి రాకూడదు."

మర్నాడు పొద్దున ఆవిడ తాడు విప్పుకుని, తొంటితో చుక్కాని తోసుకుంటూ మలుపు తిరిగింది. చెయ్యి ఊపుదామని నేను రాయ్‌స్టన్ కోసం చూశాను. అతను తన పడవ తోక మీద నా కుర్చీ వేసుకుని కూర్చుని, నా పిల్లికి గట్టిగా చివాట్లు పెడుతున్నాడు.